మిల్లు గుమాస్తా డైట్ సెంటర్‌కి పోతే: నల్లగొండలో పదహారు నెలల రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. అందులో మూడు మార్కులు మొదట్లో అక్కడున్న డైటీషియన్ అమ్మాయికి, అర మార్కు వాళ్ళ కొలతల టేపుకి, మిగతా ఒకటిన్నర ఎందుకు కోశానో చదువుతుంటే మీకే అర్థమవుతుంది. సెంటర్ పేరు రాయను. నల్లగొండలో క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉంది, మొదటి అంతస్తు, కింద చెప్పుల షాపు, అంతవరకే. రేపు అవసరమైతే మళ్ళీ వాళ్ళ మెట్లెక్కాల్సినవాణ్ణి, పేరు పెట్టి తిట్టి మళ్ళీ పోయి కూర్చోవడం నావల్ల కాదు.

మాది మిర్యాలగూడ. బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాను, ఇరవై రెండేళ్ళయింది. మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్తున్నా: సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, దాని కింద వడ్లు, ఆ వడ్ల కోసం ఊరి చుట్టూ మిల్లులు. సీజన్‌లో మిల్లుల ముందు ట్రాక్టర్లు రాత్రంతా బారులు కట్టి ఉంటాయి, ఉడికిన వడ్ల వాసన ఇంట్లో ఆరేసిన బట్టలకి కూడా పడుతుంది. బ్రోకర్లు శాంపిల్ తెస్తే వండి చూస్తాం, మెతుకు పొడుగు ఎంత సాగింది, అంటుకుంటుందా లేదా అని, చూసినాక ఆ అన్నం పారేయం కదా, ఏదో ఒక పచ్చడి ఉంటుంది. ఇలాంటి చోట కూర్చుని తక్కువ కార్బోహైడ్రేట్ (పిండి పదార్థం) డైట్ చేయడమంటే కల్లు మండువలో కూర్చుని మానేశానని చెప్పడమే.

2024 జూన్‌లో నా బరువు 94.6 కిలోలు, ఎత్తు 168 సెంటీమీటర్లు, నడుము 41 అంగుళాలు. కంపెనీ బీమా కోసం రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 6.2 వచ్చింది. డాక్టరు మందు రాయలేదు, "ఇంకా సరిహద్దులోనే ఉన్నారు, బరువు తగ్గండి" అన్నాడు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ అంటారని అప్పుడే తెలిసింది. మా నాన్నకి షుగర్‌తోనే కాలి వేలు తీసేశారు, అది గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్‌లోనే వారం తిరక్కుండా నల్లగొండ బస్సెక్కాను.

ఇది నా మొదటి డైట్ కూడా కాదు, అది కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కింద మన దగ్గర ఊరూరా కొబ్బరినూనె తాగారే, నిమ్మకాయలు పిండుకుని, అన్నం పూర్తిగా బంద్ పెట్టి, అప్పుడు నేనూ తాగాను. నలభై రోజుల్లో తొమ్మిది కిలోలు తగ్గి మిల్లులో హీరోనయ్యాను, మేనకోడలి పెళ్ళిలో ఒక్క పూట బగారన్నం తిని మళ్ళీ ఎక్కడాగానో నాకే తెలియదు, ఆరు నెలల్లో తొమ్మిది పోయి పదకొండు వచ్చింది. ఆ డైట్‌తో కొందరు బాగుపడ్డారు, నేను చూశాను, కాదనను. నాకు మాత్రం పండగ రాగానే కుప్పకూలే డైట్ వద్దు అనిపించింది, అందుకే ఈసారి డబ్బులిచ్చి మనిషి దగ్గరికి పోయాను.

ప్యాకేజీ ఆరు నెలలకి 7,500. మొదటిరోజే మొత్తం కట్టించుకున్నారు, రసీదు ఇచ్చారు, వాపస్ లేదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూసుకోలేదు. లెక్కలు రాసేవాణ్ణి నేనే చూసుకోలేదు, నవ్వుకోండి.

ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నేను కూర్చోగానే చార్టు ఏదో చేతిలో పెడుతుందనుకుంటే, "సార్, మీరు మిల్లుకి తీసుకుపోయే క్యారియర్ వచ్చేవారం అలాగే తీసుకురండి, మేడమ్ రోజూ ఎట్లా పెడతారో అట్లానే, ఏం తగ్గించకుండా" అంది. తీసుకుపోయాను. టేబుల్ మీద కిచెన్ కాటా పెట్టి అన్నం గిన్నె తూచింది. 520 గ్రాములు. ఒక్క పూట అన్నం, అరకిలో దాటింది. నేను రోజూ కాటా మీద వడ్ల బస్తాలు తూచి తరుగు ఎంత తీయాలో రైతులతో వాదించేవాణ్ణి, నా గిన్నె ఎప్పుడూ తూచుకోలేదు. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల కార్బోహైడ్రేట్ ఉంటుందని చెప్పి, లెక్క నన్నే కట్టమంది, 145 వచ్చింది. రాత్రి అన్నం కలిపితే ఇంకో వంద. పొద్దున నాలుగు ఇడ్లీలు, రోజుకి ఐదు చాయలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర, నాలుగింటికి మిర్చి బజ్జీ, దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్లు, అన్నీ కలిపి ఆ కాగితం మీద 400 దరిదాపుల్లోకి పోయింది. అంటే ఒక్క పిండి పదార్థం నుంచే 1,600 క్యాలరీలు. "నేను పెద్దగా ఏం తినను మేడమ్" అని మొదటిరోజు చెప్పినవాణ్ణి నేనే.

ఆ పావుగంట కోసమే 7,500 ఇచ్చాననుకుంటా, ఇప్పటికీ.

ఆమె ఇచ్చిన ప్లాన్ కీటో కాదు. కీటోలో రోజుకి కార్బోహైడ్రేట్ 50 గ్రాముల లోపు, కొందరు 20కి కూడా దింపుతారు. నాకు 130 చుట్టూ పెట్టింది. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, తూచి 150 గ్రాములు, అది 42. రాత్రి ఒకే ఒక్క జొన్న రొట్టె, 40 గ్రాముల పిండితో, అది 28. పొద్దున ఒక పెసరట్టు, రెండు గుడ్లు, అందులో 24 వరకు పెసరట్టుదే, గుడ్డుకి లెక్కే లేదు. పెరుగు, చక్కెర లేని చాయ రెండుసార్లు, గుప్పెడు పల్లీలు, కూరలు రోజు మొత్తం మీద 400 గ్రాములు, ఇవన్నీ కలిస్తే మిగతాది. అన్నం తగ్గిన ఖాళీలో పప్పు చిక్కగా, ఆకుకూర రెట్టింపు, వారానికి మూడుసార్లు కోడి గాని చేప గాని. చేప అంటే మాకు సాగర్ చేప, ఆదివారం పొద్దున్నే పోతే తాజాగా దొరుకుతుంది. మటన్ వారానికి ఒకసారికి మించొద్దంది. అన్నం బదులు మాంసం కుమ్మేస్తే కార్బ్ తగ్గుతుంది గాని అది తను చెప్పే డైట్ కాదని చెప్పింది.

ఇది ఆమె సొంత అభిప్రాయం అనుకున్నాను. హైదరాబాద్‌లో బీఫార్మసీ చదివే మా వాడిని అడిగితే వెతికి పంపాడు. 2023 డిసెంబరులో హార్వర్డ్ వాళ్ళ అధ్యయనం ఒకటి వచ్చింది, లక్షా ఇరవై మూడు వేల మందిని ఏళ్ళ తరబడి గమనించి చూసినది. కార్బ్ తగ్గించిన వాళ్ళందరూ ఒకటి కాదని తేలింది. మైదా, చక్కెర, తెల్ల బియ్యం లాంటివి తగ్గించి ఆ స్థానంలో ముడిధాన్యం, పప్పులు, గింజలు, మంచి నూనెలు తిన్నవాళ్ళకి కాలం గడిచేకొద్దీ బరువు తక్కువ పెరిగింది, మాంసం, జంతు కొవ్వుల మీద నడిపినవాళ్ళకి అలా కాలేదు. అది పరీక్ష పెట్టి చూసింది కాదు, తిండి అలవాట్లు రాయించుకుని చూసింది, కాబట్టి అదే ఫైనల్ అని నేననను. ఇంకోటి కూడా పంపాడు, అది 2018లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చేసింది, 609 మందిని రెండు భాగాలు చేసి ఒకళ్ళకి కొవ్వు తక్కువ తిండి, ఇంకొకళ్ళకి కార్బ్ తక్కువ తిండి, ఏడాది తర్వాత చూస్తే ఒకళ్ళు సగటున 5.3 కిలోలు, ఒకళ్ళు 6 కిలోలు తగ్గారు, ఆ తేడాని తేడాగా లెక్కపెట్టక్కర్లేదన్నారు. అది చదివినాక సెంటర్ గోడ మీద "ఒకే నెలలో పది కిలోలు" అని అంటించిన పోస్టర్ చూస్తే నవ్వొచ్చింది. ఆ పోస్టర్ కింద కూర్చునే ఆ అమ్మాయి నాకు "నెలకి ఒకటిన్నర తగ్గితే పండగ చేసుకోండి" అని చెప్పేది.

మొదటి నెలలో 4.1 కిలోలు తగ్గాను. మిల్లంతా చాటింపు వేశాను. ఆమె మాత్రం గాలి తీసేసింది: అందులో సగానికి పైన నీళ్ళే సార్, కాలేయంలో, కండరాల్లో దాచుకున్న పిండి పదార్థంతోపాటు దానికి మూడింతల నీళ్ళు కూడా ఉంటాయి, కార్బ్ తగ్గగానే ఆ నీళ్ళు పోతాయి, అన్నం ఎక్కువ తిన్న రోజు మళ్ళీ వస్తాయి, ఆ రోజు కాటా ఎక్కి ఏడవొద్దు అని. కొబ్బరినూనె రోజుల్లో ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉంటే పెళ్ళి తర్వాత రెండు కిలోలు పెరిగిందని అంతా వదిలేసేవాణ్ణి కాదేమో.

మొదటి పది రోజులు బాగోలేదు, అది దాచను. తలనొప్పి, నీరసం, మధ్యాహ్నం మూడింటికి లెడ్జర్ మీద అంకెలు మసకగా కనపడేవి. మజ్జిగలో ఉప్పేసుకుని తాగమంది, తగ్గింది, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇది చేయొద్దు. మోషన్ సాఫీగా రాలేదు రెండు వారాలు, దానికి తోటకూర, గోంగూర, బీరకాయ తొక్కుతో సహా, నీళ్ళు, ఇవే మందు. రెండో నెల నుంచి ఆకలి తగ్గింది. ఇది నేను ఊహించలేదు, పదకొండింటికి బిస్కెట్ కోసం చెయ్యి దానంతటదే డ్రాయర్‌లోకి పోయేది, అది ఆగిపోయింది.

ఇక జొన్న రొట్టె సంగతి. దీని మీద ఈ దక్షిణ తెలంగాణలో ఎవరితోనూ వాదించి గెలవలేం. మా అత్తగారిది అచ్చంపేట వైపు, అక్కడ రొట్టె తినకపోతే అన్నం తిన్నట్టే కాదు. దసరాకి పోతే నా ముందు నాలుగు రొట్టెలు పెట్టింది. ఒకటి చాలు అత్తమ్మా అంటే, "గదేంది అల్లుడా, జొన్న రొట్టెకు లావెక్కుతరా ఎవలన్నా? మా మామ పది తినేటోడు, కట్టె లెక్క ఉండె" అంది. ఆయన పది తిని పొద్దుగూకేదాకా అరక దున్నేవాడు, నేను ఫ్యాన్ కింద కూర్చుని జీఎస్టీ బిల్లులు కొడతాను. నిజం ఏంటంటే జొన్నపిండి వంద గ్రాముల్లో దాదాపు 70 గ్రాములు కార్బోహైడ్రేటే, గోధుమపిండికి పెద్ద తేడా లేదు, పీచు ఉంటుంది, నమిలి తినాలి కాబట్టి ఒకటిన్నరకే కడుపు నిండుతుంది, దాని గొప్ప అంతవరకే. రాగులు, కొర్రలు కూడా అంతే, సంకటి ముద్ద రెండు దాటితే డైట్ కాదు. ఇట్లాంటిదే మా మిల్లుల దగ్గర ఇంకోటుంది, తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048. రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళ రకం, గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువ అని పేరు, జనం షుగర్ బియ్యం అని అడిగి మరీ కొంటారు. రక్తంలో షుగర్ నెమ్మదిగా ఎక్కడం వేరు, అన్నంలో కార్బ్ తక్కువ ఉండటం వేరు. అది మంచి బియ్యమే, నేనూ అదే తింటున్నాను, 150 గ్రాములు తూచి తింటున్నాను. షుగర్ బియ్యం కదా అని రెండు పళ్ళేలు లాగించే మా ఓనర్ గారికి ఇది ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

పండ్ల దగ్గర కూడా ఆ డైటీషియన్ అమ్మాయి స్థానికంగా ఆలోచించింది, ఆమె చెప్పినవాటిలో ఎక్కువ నచ్చినది ఇదే. నల్లగొండ జిల్లాలో ఉండి బత్తాయి తినొద్దంటే ఎవరూ వినరు, చుట్టాలు సంచుల్లో తెచ్చి పడేస్తారు. "కాయ వొలుచుకుని తినండి, రసం తీయొద్దు" అంతే చెప్పింది. గ్లాసు రసానికి మూడు నాలుగు కాయలు పిండుతాం, పీచు పారేస్తాం, వొలిచి తింటే ఒకటికే నోరు పులిసిపోతుంది. సీతాఫలం మాత్రం గట్టిగా ఆపింది. బాలానగర్ సీతాఫలాలు సీజన్‌లో రోడ్డు మీద గంపల్లో పెట్టి అమ్ముతుంటే బండి ఆపకుండా రావడం ఎంత కష్టమో పాలమూరు రోడ్డున పోయినవాళ్ళకి తెలుసు. వంద గ్రాముల గుజ్జులో కార్బ్ 23 గ్రాముల దాకా ఉంటుంది, అంటే పెద్ద కాయ ఒకటి తింటే రాత్రి రొట్టె అయిపోయినట్టే. సరే, అక్టోబరులో వారానికి రెండు రాత్రులు రొట్టె మానేశాను.

నా భార్యని కూడా రమ్మంది, ఇది చాలా సెంటర్లలో చేయరనుకుంటా. మావిడ వచ్చింది, కోపంగా వచ్చింది, "నా వంటకేమైంది" అనుకుంటూ. ఆమె వంట గురించి ఒక్కమాట అనలేదు ఆ పిల్ల, నూనె నెలకి ఎంత అవుతుందాంటీ అని మాత్రం అడిగింది. అయిదు లీటర్ల డబ్బా, నలుగురం. అక్కడే లెక్కేస్తే మనిషికి రోజుకి 38 గ్రాములు పడింది. హైదరాబాద్‌లో తార్నాకలో ఉంది కదా జాతీయ పోషకాహార సంస్థ, 2024లో వాళ్ళు ఇచ్చిన కొత్త సూచనల్లో రెండువేల క్యాలరీల తిండికి నూనె 27 గ్రాములే ఉందట. కార్బ్ తగ్గిస్తున్నాం కదా అని నూనె వదిలేస్తే అది తిరిగి బొజ్జలోకే వస్తుంది, గ్రాముకి తొమ్మిది క్యాలరీలు, పిండికి నాలుగే. ఇంట్లో మూడున్నర లీటర్లకి దింపాం. మావిడకే రెండున్నర కిలోలు తగ్గింది, ఫీజు కట్టకుండా. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో "ఆ పిల్ల మంచిదయ్యా" అంది, మావిడ నోట అది పద్మశ్రీ వచ్చినట్టు.

ఇప్పుడు కోసిన మార్కుల గురించి.

ఐదో నెలలో ఆ అమ్మాయి మానేసి వెళ్ళిపోయింది, హైదరాబాద్‌లో ఏదో ఆస్పత్రిలో వచ్చిందట, మంచిదే. ఆమె స్థానంలో వచ్చినాయన నా ఫైలు తెరవకుండానే వాట్సాప్‌లో ఒక చార్టు పంపాడు. బ్రోకలీ, అవకాడో, చియా గింజలు, బాదం పాలు, సాల్మన్ చేప. మిర్యాలగూడలో అవకాడో అడిగితే కూరగాయలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇదే చార్టు నా పక్క కుర్చీలో కూర్చునే దామరచర్ల ఆయనకీ వచ్చింది, ఆయనకి కిడ్నీ సమస్య ఉందని మొదటి ఫారంలోనే రాసి ఉంది, చార్టులో ప్రోటీన్ నాకెంతో ఆయనకీ అంతే. ఆయన వాళ్ళ నెఫ్రాలజిస్ట్‌కి చూపిస్తే చింపేశాడట. ఈ ఒక్కదానికే నేను ఒక మార్కు తీసేశాను, ఇంకా తీయాల్సిందేమో.

తర్వాత పొడులు. ఆ కొత్తాయన వచ్చినప్పటి నుంచి పోయిన ప్రతిసారీ ఏదో ఒక డబ్బా బల్ల మీద ఉండేది. ప్రోటీన్ పొడి 2,400, తక్కువ కార్బ్ పిండి కిలో 480. పిండి ఒకసారి కొన్నాను. వెనక లేబుల్ చదవండి, ముందు వైపు చదవకండి. వంద గ్రాములకి ఎంత అని పట్టిక ఉండాలి, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ నంబరు ఉండాలి. ఉంది, కార్బ్ నిజంగానే తక్కువే, సోయాపిండి, గోధుమ గ్లూటెన్ కలిపారు, కాబట్టి అబద్ధమని అనను. రొట్టె మాత్రం సైకిల్ ట్యూబు లాగా సాగింది, మా కుక్క వాసన చూసి పక్కకి పోయింది. అక్కడే అమ్మే "షుగర్ ఫ్రీ" బిస్కెట్లలో మొదటి దినుసు మైదా, చక్కెర లేకపోయినా మైదా ఉంది కదయ్యా అంటే "అది స్నాక్ సార్" అన్నాడు. ఆ 480కి మా దగ్గర నాటుకోడి వస్తుంది, దాంట్లో కార్బ్ సున్నా.

యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మిల్లు వదిలి కదల్లేను, రాత్రి పదకొండు దాకా లారీలు దిగుతుంటాయి. రెండోసారి కట్టిన ప్యాకేజీలో అలా రెండు నెలలు పోలేదు, పొడిగించమంటే రూల్ లేదన్నారు. ఇంకో అర మార్కు దానికే.

ఇంకోటి సెంటర్ తప్పు కాదు, నా తప్పు, కాని చెప్పకపోతే ఎవరికైనా ప్రమాదం. మా మిల్లు డ్రైవర్‌కి షుగర్ ఉంది, గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాడు. నా చార్టు ఫొటో తీసుకుని నాతోపాటు మొదలుపెట్టాడు, అన్నం ఒకేసారి కప్పుకి దింపాడు, మాత్ర మాత్రం పాతదే. ఆరో రోజు అద్దంకి రోడ్డు మీద చెమటలు పట్టి, చేతులు వణికి లారీ పక్కకి ఆపేశాడు, పక్కనున్న క్లీనర్ కుర్రాడు చక్కెర నోట్లో పోశాడు కాబట్టి సరిపోయింది. లో షుగర్. డాక్టరు మాత్ర సగం చేశాడు, తర్వాత ఏం కాలేదు. ఆ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు కార్బ్ తగ్గించేముందే డాక్టరుకి చెప్పాలి, తర్వాత కాదు. మూత్రంలో షుగర్ పోయేట్టు చేసే కొత్తరకం మాత్రలున్నాయి, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, అవి వేసుకుంటూ కార్బ్ బాగా దింపితే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగితే వచ్చే ఆమ్లాలు) పెరిగి ఆస్పత్రి పాలయ్యే ప్రమాదం ఉందని ఆ డాక్టరే చెప్పాడు. నా చార్టు ఇంక ఎవరికీ ఫొటో తీయనివ్వను. ఈ రివ్యూలో పైన లెక్కలు రాశాను కదా అంటారేమో, అవి నా ఒంటికి, నా మందులకి (నాకు మందుల్లేవు) రాసినవి.

పండగల గురించి రాయకపోతే ఇది మన ఊరి రివ్యూ కాదు. బతుకమ్మకి సత్తుపిండి, మలీద. సంక్రాంతికి సకినాలు, మా అమ్మ ఇప్పటికీ చుట్టూ చేత్తో తిప్పి చుడుతుంది, అవి బియ్యప్పిండి, పైన నూనె, రెండు విధాలా దెబ్బ. మాఘంలో పెళ్ళిళ్ళు, ఒక్క వారంలో నాలుగు. జనవరి, ఫిబ్రవరి కలిపి 2.8 కిలోలు ఎక్కాను. అప్పటికి ఆ అమ్మాయి లేదు, కాని వెళ్ళిపోయేముందు నోట్‌బుక్‌లో ఒక పేజీ రాసిచ్చింది: పండగ రోజు తినండి, సకినాలు ఇంట్లో డబ్బాలో మిగల్చొద్దు, తెల్లారి ఉపవాసం చేయొద్దు, తెల్లారి నుంచి 150 గ్రాముల కప్పు. ఉపవాసం చేయొద్దనే మాట చిన్నదే అనిపించింది గాని నేను ఎప్పుడూ పడిపోయేది అక్కడే, ఒకరోజు తిని, మర్నాడు కడుపు మాడ్చి, మూడోరోజు రాత్రి కుండలో ఉన్నదంతా ఊడ్చేయడం. ఈసారి సకినాలు కనుమ నాడే హమాలీలకి పంచేశాను, వాళ్ళకి బస్తాలు మోసే పనుంది, అరుగుతాయి. ఎక్కినదాంట్లో రెండు కిలోలు వచ్చే నెలన్నరలో దిగింది, మిగతా 800 గ్రాములకి వేసవి పట్టింది.

కల్లు గురించి అడిగానా అని మిల్లులో అందరూ అడిగారు. అడిగాను. తాటికల్లులో చక్కెరా ఉంటుంది, సారా గుణమూ ఉంటుంది, కాబట్టి అలవాటుగా వద్దంది, మొహమాటం లేకుండా. ఎండాకాలం రెండుసార్లు తాగాను.

ఇప్పుడు, పదహారు నెలలకి, 82.4 కిలోలు. మొత్తం 12.2. నడుము 37. హెచ్‌బీఏ1సీ 5.8, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒకరకం కొవ్వు) 240 ఉండేవి 150కి వచ్చాయి, చెడు కొలెస్ట్రాల్ మాత్రం కదల్లేదు, 128 ఉండేది 131 అయింది. మన వాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతో చూసే లెక్క, 25 దాటితే ఊబకాయం కిందే లెక్క, నాది 33.5 నుంచి 29.2కి వచ్చింది, అంటే ఇంకా లావుగానే ఉన్నాను, పాత ప్యాంట్లు మాత్రం దర్జీకి ఇచ్చి బిగించుకున్నాను. గత నాలుగు నెలలుగా కాటా అక్కడక్కడే ఆడుతోంది.

వెళ్ళాలా వద్దా అని అడిగితే: ప్యాకేజీ ఒకేసారి కట్టకండి, ఒక నెల విడిగా కట్టి చూడండి, వాళ్ళు కుదరదంటారు, రెండోసారి అడిగితే కుదురుతుంది. మిమ్మల్ని చూసే డైటీషియన్ ఎవరో, ఏం చదివారో అడగండి, ఆరు నెలలూ ఆవిడే ఉంటారా అని కూడా అడగండి. రక్తపరీక్ష కాగితాలు చూడకుండా చార్టు ఇచ్చేవాళ్ళ దగ్గర లేచి వచ్చేయండి. ఒక కిచెన్ కాటా 400కి వస్తుంది, ముందు అది కొని వారం రోజులు మీ పళ్ళెం తూచుకోండి, బహుశా మీకు సెంటర్ అక్కర్లేకపోవచ్చు, నాకు అవసరమైంది, ఎందుకంటే ఎవరో ఒకరు అడగకపోతే నేను తూచను.

రెండో ప్యాకేజీ అయిపోయాక మళ్ళీ కట్టలేదు. పాత అమ్మాయి నంబరు సంపాదించాను, శనివారాలు ఫోన్‌లో చూస్తుంది, ఒక్కసారికి 300. కాటా కదలట్లేదని పోయినవారం చెప్పుకుంటే డైట్ ఏం మార్చలేదు, కార్బ్ ఇంకా తగ్గించమనలేదు. "సార్, రేపు మధ్యాహ్నం క్యారియర్ తెరిచి, తినకముందు కాటా మీద పెట్టి ఫొటో పంపండి, మేడమ్‌కి ముందే చెప్పకండి" అంది. పంపాను. 240 గ్రాములు.